కొత్త మోకు తడిపిన రోజు

పోయిన నెల విజయనగరంలో ఒక కేంద్రం చూడడానికి రమ్మంటే వెళ్ళాను. ఇళ్ళల్లో ఓ మూల కూర్చోబెట్టేసిన వికలాంగులు, పిల్లలు కాదు, పెళ్ళీడు దాటినవాళ్ళు, పగలంతా అక్కడికొచ్చి పని చేసుకుంటారు. విస్తళ్ళు అచ్చువేసే యంత్రం ఉంది, కొవ్వొత్తుల బల్ల ఉంది. గోడలకి లేత పసుపు రంగు, మూలమూలకీ కెమెరా. శుక్రవారం సాయంత్రం క్యారమ్స్, మైకులో పాటలు. వంకలు పెట్టడం నా పుట్టుబుద్ధి అయినా అక్కడ నాకు వంక దొరకలేదు. బయల్దేరబోతుంటే చూపులేని యువకుడొకడు నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, సముద్రం దగ్గర నిలబడితే కాళ్ళ కింద ఇసక జారిపోతాదంట, నిజవేనా?" అని అడిగాడు. ఎప్పుడైనా వీళ్ళని సముద్రానికి తీసుకెళ్ళారా అని అక్కడి మేడమ్‌ని అడిగాను. ఆవిడ నొచ్చుకోకుండా నవ్వింది. "అమ్మో, రిస్కండీ. ఒక్కరికి ఏదైనా అయితే ఈ కేంద్రం మూసేసుకోవాలి" అంది. ఆవిడ అన్నది తప్పు కాదు. అయినా నాకు ఒళ్ళు మండింది. కారెక్కిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా నానిన కొబ్బరిపీచు కంపు ముక్కుని వదల్లేదు. ఆ కంపు మీద నాకు ఇంత బెంగ ఉందని నాకే తెలీదు.

అది మా సూరి చిన్నాన్న ఒంటి వాసన. నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. మామ్మ, అంటే నాన్న తల్లి, అరసవల్లి దేవుడికి మొక్కని మొక్కు లేదు. చూపు రాలేదు సరికదా, ఓనాడు పెరట్లో ఆడుకుంటూ నూతిలో పడ్డాడు. ఎవరో దిగి పైకి తీశారట. ఆ రోజునుంచి మామ్మ నీళ్ళని నమ్మడం మానేసింది. వీధరుగు స్తంభం దగ్గర మొదలుపెట్టి వంటింటి గుమ్మం దాకా, అక్కణ్ణుంచి స్నానాల బండకీ, పశువుల శాలకీ ఒక తాడు కట్టించింది. నూతివైపు మాత్రం కట్టించలేదు. ఆ తాడు పట్టుకుని ఎంతదూరం పోవచ్చునో అంతే చిన్నాన్న లోకం. నాకు ఊహ తెలిసేసరికే ఆయన అరచేతుల రాపిడికి అది నల్లగా, నున్నగా అయిపోయింది. ఇంటికి సున్నాలు వేయించేటప్పుడు ఆ తాడు విప్పేవారు. ఆ రోజంతా చిన్నాన్న మంచం దిగేవాడు కాదు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

మామ్మకి అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, తెల్లారుజామునే పొయ్యి ముందు కూర్చునేది. కోపం వచ్చినా, ఏడుపు వచ్చినా, నోట్లో నిప్పు ఉంది కాబట్టి మాట బయటికి రాదు. మేమంతా ఆవిడ కళ్ళు చూసి బతకాల్సిందే. చుట్ట తీసి పక్కన పెట్టిందంటే తీర్పు వస్తోందన్నమాట. నాన్న కూడా తల్లి ముందు నోరెత్తేవాడు కాదు. నేను ఎస్సెల్సీ పాసై ఇంట్లో పడి ఉన్నాను. ఆడపిల్లకి ఇంక బయట పనేముందని మామ్మ అంది, చుట్ట తీసి మరీ అంది. కాబట్టి ఆ తాడు చిన్నాన్న ఒక్కడికే కట్టిందని నేనెప్పుడూ అనుకోలేదు.

అలాంటి ఇంటికి గవరయ్య మాస్టారు వచ్చారు. రాజాంలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా ఊరి పక్కనే మూతపడ్డ గోగునార గొడౌను ఒకటి అద్దెకి తీసుకుని, చుట్టుపక్కల ఊళ్ళలో కళ్ళు లేనివాళ్ళని, చెవులు వినపడనివాళ్ళని, కాళ్ళు లేనివాళ్ళని పోగుచేసి తాళ్ళు పేనిస్తున్నారు. అప్పట్లో అది పిచ్చిపని. ఇంట్లో ఉన్నవాడిని పనికి పంపితే, అన్నం పెట్టలేక పంపారని ఊరు అనుకుంటుంది. మామ్మ సరిగ్గా అదే అంది. "మా ఇంట తిండికి లోటేటి మాస్టారూ? ఆడు నా కళ్ళముందు కూకుని తింటే సాలు." మాస్టారు బతిమాలలేదు. "తిండికి కాదమ్మా, చేతులకి" అన్నారు. అరుగు మీద కూర్చున్న చిన్నాన్న ఆ మాటకి లేచి నిలబడ్డాడు. మాస్టారు మజ్జిగ తాగడం అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. మామ్మ ఆ నిలబడ్డవాణ్ణి చాలాసేపు చూసింది, తర్వాత చుట్ట తీసింది. "వరాలు తీసుకెళ్ళాల, వరాలే తేవాల. బువ్వ మనింటిదే తినాల. మన కేరేజీ ఎవలూ ముట్టుకోకూడదు. నీళ్ళ దగ్గరికి ఎల్లకూడదు. ఇందులో ఏది తప్పినా, ఆడూ వరాలూ మరి గుమ్మం దాటరు." వరాలంటే నేనే. ఆ పూట మామ్మ నాకు శిక్ష వేశాననుకుంది. నేను పెరట్లోకి పోయి ఆవు మెడ కౌగలించుకున్నాను.

ఉద్దానం నుంచి లారీలో కొబ్బరిపీచు వచ్చేది. నానబెట్టి, బాది, ఎండబెట్టి, రాట్నం మీద పేనేవారు. ఒకరు రాట్నం తిప్పుతుంటే, ఒకరు ఒడిలో పీచు కట్టుకుని అందిస్తూ వెనక్కి వెనక్కి నడవాలి. వెనక్కి నడిచేవాడికి కళ్ళుంటే ఎంత, లేకపోతే ఎంత అని మాస్టారు నవ్వేవారు. చిన్నాన్నకి జోడీగా పైడమ్మని పెట్టారు. ఊరవతల పేటనుంచి వచ్చేది. పుట్టుకతో చెవులు వినపడవు, మాట రాదు, చూపు మాత్రం డేగ చూపు. ఆయన చెప్పేది ఆవిడకి వినపడదు, ఆవిడ చేసే సైగ ఆయనకి కనపడదు. మరి ఇద్దరికీ కుదిరేదెలా? తాడుతో. మోకు, అంటే లావుపాటి తాడు, తయారయ్యాక దాన్ని గొడౌను వెనకాల మైదానంలో సాగదీయాలి. పైడమ్మ మోకుచుట్ట దగ్గర నిలబడుతుంది. చిన్నాన్న కొస నడుముకి ఆనించి రెండు చేతులా పట్టుకుని వెనక్కి నడుస్తాడు. ఆయన మెల్లగా లాగితే ఇంకా వదలమని. తాడు వదులుగా వస్తే, ఇంకా వెనక్కి పొమ్మని. గట్టిగా గుంజితే, తాడు ఎక్కడో తెగుతోంది, వెంటనే వదిలెయ్యమని. తెగిన మోకు కొరడాలా కొడుతుంది కాబట్టి మాస్టారు ఆ ఒక్కటి అందరిచేతా అదేపనిగా సాధన చేయించేవారు. ఇంక తాడుని పక్కలకి ఊపితే బువ్వేళ. అప్పుడు చిన్నాన్న తాడుని మోచేతికి చుట్టుకుంటూ పైడమ్మ దగ్గరికి వచ్చేస్తాడు, నేను క్యారేజీ విప్పుతాను. శనివారం మధ్యాహ్నం పని ఉండేది కాదు. మాస్టారు అందరి కళ్ళకీ గుడ్డలు కట్టి చెడుగుడు ఆడించేవారు. చిన్నాన్న ఎప్పుడూ గెలిచి, గెలిచానని ఇంటిదాకా చెప్పుకుంటూ వచ్చేవాడు. ఆయనకి అంత మాటకారితనం ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

పీచు ధర పెరిగింది, తాళ్ళు కొనేవాళ్ళు తగ్గారు. గొడౌను నిలవాలంటే కళింగపట్నం పెద్దవలవాళ్ళు మా మోకులు తీసుకోవాలి. ఒడ్డునుంచి వల లాగడానికి వాళ్ళకి పొడుగాటి మోకులు కావాలి. వాళ్ళు కాదంటే గొడౌనుకి తాళమే, అందరూ మళ్ళీ ఎవరి మూలకి వాళ్ళు. మాస్టారు ఈ సంగతి దాచలేదు. మంచి మోకు ఒకటి పేనించి, పీచు లారీలోనే అందరినీ ఎక్కించుకుని, అటు మోకు చూపించినట్టూ అవుతుంది, ఇటు వీళ్ళకి సముద్రపుగాలి తగిలినట్టూ అవుతుందని బయల్దేరదీశారు. మామ్మని ఒప్పించడానికి నా ప్రాణం తోకకొచ్చింది. "ఆడి పాదం తడవకూడదు. నా మీద ఒట్టెయ్" అంది. వేశాను.

కళింగపట్నంలో దిగేసరికి ఎండ పొడిచింది. ఎండుచేపల వాసన, ఎడతెగని హోరు. చిన్నాన్న లారీ దిగి, తల పక్కకి వంచి, ఆ హోరు వింటూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు. జాలరివాడ పెద్ద పేరు ఎర్రయ్య. ముసలివాడే కానీ రాయిలా ఉన్నాడు. మోకుని వేళ్ళతో తడిమాడు, పురి విప్పి చూశాడు, పళ్ళతో కొరికాడు. ముఖంలో మెచ్చుకోలు కనిపించింది. తర్వాత తలెత్తి మమ్మల్నందరినీ చూశాడు, ఆ మెచ్చుకోలు పోయింది.

"ఈలేనా పేనినోలు?"

"వీళ్ళే" అన్నారు మాస్టారు.

ఎర్రయ్య మోకుని ఇసకమీద పెట్టేశాడు. చుట్టూ చేరినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అతను మాస్టారి వైపు తిరిగి, "బాబూ, నాను ఒకల్ని తక్కువ సెయ్యను. ఇది సముద్రంలోకెల్లే తాడు. మాకో పద్ధతున్నాది. కొత్త మోకుకి తొలి తడుపు పేనినోడే తడపాల. మోకాల్లోతు ఎల్లి ముంచితే సాలు. పేనినోడు నీల్లకి బయపడితే ఆ మోకు మా వాడకి రాదు. మా తాతలు కూడా అలగే సేసినారు" అన్నాడు.

మాస్టారి ముఖం పాలిపోయింది. మామ్మ షరతు ఆయనకి తెలుసు. "నేను తడుపుతాను, నా మనుషుల తరఫున" అన్నారు.

"నువ్వు పేనినావేటి?"

"లేదు."

"మరింకేటి?"

నేను చిన్నాన్న చెయ్యి పట్టుకున్నాను. అప్పటికే ఆయన పంచె ఎగ్గడుతున్నాడు. "వద్దు చిన్నాన్నా, మామ్మకి మాటిచ్చాం" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది, ఎందుకంటే ఆయన వెళ్తే మేమిద్దరం ఇంట్లో కూర్చోవాలి, వెళ్ళకపోతే అందరూ కూర్చోవాలి. చిన్నాన్న నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. "మాటిచ్చింది నువ్వు. నానివ్వనేదు కదే" అన్నాడు. గొంతులో కోపం లేదు. మోకు కొస నడుముకి ఆనించుకున్నాడు. పని మొదలుపెట్టేముందు రోజూ చేసినట్టే పైడమ్మ మణికట్టు తట్టాడు. ఆవిడ మోకుచుట్ట దగ్గర కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. ఆయన ముఖం ఒడ్డువైపు పెట్టి, వెనక్కి నడుచుకుంటూ, సముద్రంలోకి దిగాడు.

మొదట చీలమండలు తడిశాయి, తర్వాత పిక్కలు. మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశారు. మోకాళ్ళు దాటగానే ఎర్రయ్య తలూపి, "సాలు, సాలు, అయిపోనాది" అని అరిచాడు. చిన్నాన్న ఆగలేదు. హోరులో ఆ అరుపు ఆయనకి చేరలేదు. ఇంకో అడుగు వెనక్కి వేశాడు, తొడలదాకా వచ్చింది. ఏం చేస్తున్నాడీయన అని పైడమ్మ వైపు తిరిగాను. ఆవిడ చేతులు చూశాక నాకు అర్థమైంది. అల వచ్చి మోకుని మెల్లగా లాగుతోంది. గొడౌను వెనకాల అలా లాగితే ఇంకా వదలమని కదా. ఆవిడ వదులుతోంది. అక్కడ ఆయనకి తాడు వదులుగా వస్తోంది. అంటే ఇంకా వెనక్కి పొమ్మని కదా. ఆయన వెనక్కి పోతున్నాడు. ఇద్దరూ తమ పని ఎంతో శ్రద్ధగా, పొల్లుపోకుండా చేస్తున్నారు. సముద్రం వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని వాళ్ళ మాట మాట్లాడేస్తోంది.

నీళ్ళు నడుము దాటాయి. "ఓలమ్మ, అటు మొగ, గుంతున్నాది" అని ఎవరో ఆడమనిషి అరిచింది. వంశధార వచ్చి కలిసే చోటు అది, ఇసక మేట ఉన్నట్టుండి జారిపోయి లోతు వచ్చేస్తుంది. ఇద్దరు కుర్రాళ్ళు నీళ్ళలోకి ఉరికారు. మిగతావాళ్ళు నలుగురూ మోకుని అందుకుని గుంజబోయారు. నాకు ఏ దేవుడు చెప్పాడో తెలీదు, వెళ్ళి ఆ మోకుమీద బోర్లా పడిపోయాను. "లాగకండి, లాగితే వదిలేస్తాడు, గుంజితే వదిలెయ్యమనే లెక్క" అని అరిచాను. వాళ్ళకి పిచ్చిపిల్ల ఏదో వాగుతోందనిపించి ఉంటుంది. ఒకతను నన్ను రెక్క పట్టుకుని పక్కకి ఈడ్చాడు. "ఆ పిల్ల చెప్పింది నిజం, ఆగండి" అని మాస్టారు వాళ్ళకి అడ్డంపడ్డారు. నీళ్ళు చిన్నాన్న గుండెలదాకా వచ్చాయి. అల వచ్చినప్పుడు తల మాత్రమే కనిపిస్తోంది. ఆయన ముఖం ప్రశాంతంగా, పనిలో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఇసకలో పాక్కుంటూ పైడమ్మ ముందుకి పోయాను. ఆవిడ కళ్ళు మోకుమీదే ఉన్నాయి. ఆవిడ గడ్డం పట్టుకుని నావైపు తిప్పుకున్నాను. నా అయిదువేళ్ళూ దగ్గరికి చేర్చి నోటి దగ్గర పెట్టుకున్నాను. రోజూ క్యారేజీ తేగానే ఆవిడకి నేను చేసే సైగ అదే. ఆవిడ ఎండవైపు చూసింది. ఇంత పొద్దున్నే ఏం బువ్వ అన్నట్టు నా ముఖం చూసింది. మళ్ళీ పెట్టాను. అప్పుడు ఆవిడ సముద్రంకేసి చూసింది. ఆయన తల ఎంత దూరంలో ఉందో చూసింది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మోకుని బిగించి పట్టుకుని, ఒళ్ళంతా తిప్పుతూ, పక్కలకి ఊపింది. తడిసిన మోకు బరువుకి ఒక్కతే ఊపలేకపోయింది. నేనూ పట్టుకున్నాను, మాస్టారూ పట్టుకున్నారు. చివరికి ఎర్రయ్య కూడా వచ్చి పట్టుకున్నాడు, ఎందుకు ఊపుతున్నామో తెలియకుండానే.

చిన్నాన్న ఆగాడు. ఓ అల మీదనుంచి పోయింది, తల మునిగి తేలింది. తర్వాత ఆయన చెయ్యి నీళ్ళలోంచి పైకి లేచింది. తాడుని మోచేతికి ఒక చుట్టు చుట్టాడు. ఇంకో చుట్టు చుట్టాడు. చుట్టుకుంటూ, నడుచుకుంటూ, ఒడ్డుకి రావడం మొదలుపెట్టాడు. ఎదురీదుకుంటూ వెళ్ళిన కుర్రాళ్ళు పట్టుకోబోతే, "తప్పుకోండి బాబూ, తాడు సిక్కుపడిపోద్ది" అని కసిరాడట. ఒడ్డున పడి, పైడమ్మ చేతికి మోకుచుట్ట అందించి, ముఖం తుడుచుకుని, "అప్పుడే బువ్వేలయిపోనాదేటే వరాలూ? ఇంకా ఆకలెయ్యనేదు" అన్నాడు.

మాస్టారు ఇసకలో కూలబడి పంచె ముఖానికి కప్పుకున్నారు. పైడమ్మ చిన్నాన్నని దబదబా వీపుమీద బాదింది, బాదుతూ ఏడ్చింది. ఎర్రయ్య తడి మోకుని ఎత్తి తన భుజానికి వేసుకున్నాడు. "తాడు ఆడిని ఒదల్నేదు, ఆడు తాడుని ఒదల్నేదు. ఇలాటివి ఎన్నైనా అంపించండి" అన్నాడు. గొడౌను బతికింది. ఆ మాటకి అందరూ సంబరపడుతుంటే నేను ఒక్కదాన్నే చిన్నాన్న పంచె వంక చూస్తూ నిలబడ్డాను. పాదం కాదు కదా, తలవెంట్రుకలతో సహా తడిసి ముద్దయి ఉన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు లారీ గాలికి బట్టలు ఆరాయి. ఆరినచోటల్లా తెల్లగా ఉప్పుచారలు మిగిలాయి. దులిపేకొద్దీ ఇంకా కనిపించాయి. ఆ దారంతా నేను చచ్చి బతికాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొడౌనులో ఏముందని? మరుగుదొడ్డి లేదు. పీచు కోసుకుని వేళ్ళు పుళ్ళుపడేవి. పెన్షను లేదు, బస్సు పాసు లేదు, ఏదైనా అయితే అడిగే దిక్కు లేదు. ఆ మేడమ్ దగ్గర ఇవన్నీ ఉన్నాయి, ఉండాలి కూడా. ఆ రోజు చిన్నాన్న మొగలో పోయి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు చెయ్యి వచ్చేదా? రాదు. కానీ ఆ లారీలో కూర్చుని, తన మోచెయ్యి తానే నాకి చూసుకుని, "ఉప్పగున్నాదే" అని నవ్విన మనిషి ముఖం నేను చూశాను. పసుపు గోడల కేంద్రంలో నా చెయ్యి పట్టుకున్న యువకుడికి నేనేం జవాబు చెప్పాలి?

ఇల్లు చేరేసరికి మునిమాపు. మామ్మ అరుగుమీదే ఉంది, నోట్లో చుట్ట ఉంది. చిన్నాన్న స్తంభం తడుముకుని తాడు అందుకున్నాడు. ఆవిడ లేచి కొడుకు చెయ్యి పట్టుకుంది. వాసన చూసింది. వేలితో మోచేతిమీద రాసి, చుట్ట తీసి, ఆ వేలు నాలుకకి తగిలించుకుంది. ఇప్పుడు వస్తుంది తీర్పు అనుకుని నేను గోడకి ఆనుకున్నాను. మామ్మ మళ్ళీ చుట్ట నోట్లో పెట్టేసుకుంది. వెళ్ళి గంగాళం కింద మంట వేసింది. స్నానానికి నీళ్ళు తనే తోడింది, వీపు తనే రుద్దింది, అన్నం తనే పెట్టింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

మర్నాడు లేచి, పక్కమీదే కూర్చుని వంటింటి చప్పుళ్ళు విన్నాను. రోజూ ఆ వేళకి క్యారేజీ గిన్నెలు ఒకదానిమీద ఒకటి పడే చప్పుడు వినిపించాలి. వినిపించలేదు. సరే, అయిపోయింది, ఇంక ఈ ఇంట్లోనే అనుకున్నాను. ఏడుపు దిగమింగుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. చిన్నాన్న అప్పటికే గుమ్మంలో, తాడు కొస దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను లేవకముందే జరిగిందంతా ఆయనే చెప్పేశాడని మామ్మ కళ్ళు చూస్తే తెలిసింది. ఎర్రబడి ఉన్నాయి. చుట్ట పక్కన ఆరిపోయి ఉంది.

"సముద్రం ఎలగుంటాదిరా?" అని అడుగుతోంది. అంత దగ్గరలో పుట్టి పెరిగి ఆవిడ సముద్రం చూడలేదు.

"నీలాగే ఉంటాదమ్మా" అన్నాడు చిన్నాన్న. "పట్టుకుంటే ఒదల్దు."

మామ్మ పొయ్యి మీద చోడి సంకటి తిప్పింది, ఎండు నెత్తళ్ళ పులుసు దింపింది. తర్వాత క్యారేజీ ముందుకి లాక్కుని గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. చిన్నాన్నకి ఒకటి, నాకొకటి. ఆ రెండూ నింపి, ఎప్పుడూ వాడని మూడో గిన్నె తీసి చీరకొంగుతో తుడిచి, అందులో కూడా సంకటి పెట్టింది.

"ఇదెవరికి మామ్మా?"

"ఆ పైడమ్మకి."

నా చెవుల్ని నేను నమ్మలేదు. "మన క్యారేజీలోనా?" అన్నాను.

మామ్మ నావైపు చూడలేదు. గిన్నె అంచున మెత్తుకున్నది వేలితో తీసేసి, మూత పెట్టి, బిగించింది.

"బువ్వకి రమ్మని నా కొడుకుని పిలిసిందట కదే. పిలిసినమ్మకి బువ్వెట్టొద్దా? ఎల్లండి, బేగెల్లండి."